పైరు నిలిచిన తరువాత మారే కౌలు మాట: కౌలుదారు హక్కులు, విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత

సారాంశం

కౌలు సాగులో ముందుగా కుదిరిన షరతులను భూయజమాని పంట కాలం మధ్యలో మార్చడం అరుదైన విషయం కాదు. ఇటువంటి మార్పుకు చట్టం సాధారణంగా అనుమతి ఇవ్వదు. అయినప్పటికీ అధిక సందర్భాలలో కౌలుదారు దానికి తలవంచుతున్నాడు. హక్కు లేకపోవడం కంటే, హక్కును రుజువు చేసే ఆధారం లేకపోవడమే దీనికి ముఖ్య కారణం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలకు వర్తించే చట్టాల సారాన్ని, షరతుల మార్పు వలన సాగుపైన, భూసారంపైన పడే ప్రభావాన్ని, ఈ విషయంలో విస్తరణ శాస్త్రవేత్తలు చేయదగిన పనులను ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

మన విస్తరణ కార్యక్రమాలలో 'రైతు' అన్న మాటను వాడినపుడు ఆ రైతు తాను దున్నే భూమికి యజమాని అని మనకు తెలియకుండానే భావిస్తాము. వాస్తవం వేరు. జాతీయ నమూనా సర్వే 77వ విడత (2018-19) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సాగు కమతాలలో సుమారు 42 శాతం కౌలు భూమి కలిగినవి. దేశ సగటు సుమారు 17 శాతం మాత్రమే. అంటే ఆంధ్రప్రదేశ్ గ్రామాలలో మన సలహాను వినే ప్రతి అయిదుగురిలో ఇద్దరు, ఆ సలహాను అమలు చేయాలా వద్దా అన్న నిర్ణయాన్ని మరొకరి మాట మీద ఆధారపడి తీసుకొంటున్నారు.

ఆ మాట స్థిరంగా ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. అది మధ్యలో మారితే ఎరువుల మోతాదు, విత్తన రకం, రెండవ పంట ఎంపిక, నేల బాగుకు పెట్టే ఖర్చు అన్నీ తారుమారవుతాయి. కనుక కౌలు షరతుల స్థిరత్వాన్ని న్యాయవాదుల విషయమని వదలివేయక, సస్యశాస్త్ర విషయంగా కూడ మనం పరిశీలించవలసి ఉన్నది.

కౌలు రూపాలు, మాట మారే తీరులు

మన ప్రాంతాలలో కౌలు ప్రధానంగా రెండు రూపాలలో ఉన్నది. పంటలో ఇంత భాగమని పంచుకొనే పద్ధతిని పాలు అని, కొన్ని చోట్ల కోరు అని అంటారు. పంట ఎంత పండినా ఇన్ని బస్తాలు లేదా ఇంత రొక్కమని నిర్ణయించుకొనే పద్ధతిని మక్తా అని, గుత్త అని వ్యవహరిస్తారు. పాలు పద్ధతిలో నష్టాన్ని ఇరుపక్షాలు పంచుకొంటాయి. మక్తా పద్ధతిలో నష్టమంతా కౌలుదారుదే. కృష్ణా, గోదావరి డెల్టాలలో తొలకరి వరిపైన ధాన్యం రూపంలో కౌలు చెల్లించి, దాళ్వా లేదా వరి కోసిన పొలంలోని మినుము, పెసర పంటను కౌలుదారే అనుభవించే ఆచారం అనేక గ్రామాలలో ఉన్నది. పత్తి, మిరప వంటి వాణిజ్య పంటల ప్రాంతాలలో రొక్కం కౌలును ముందుగానే చెల్లించే పద్ధతి ఎక్కువ.

షరతుల మార్పు సాధారణంగా ఈ అయిదు తీరులలో కనిపిస్తుంది.

మొదటిది, కౌలు పరిమాణాన్ని పెంచడం. ధర పెరిగినపుడో, పక్క పొలానికి మరొకరు ఎక్కువ ఇస్తామన్నపుడో ఇది జరుగుతుంది. రెండవది, చెల్లింపు గడువును ముందుకు జరపడం, అనగా నూర్పిడి తరువాత ఇవ్వవలసిన కౌలును నాట్లకు ముందే అడగడం. మూడవది, ధాన్యం రూపంలో ఉన్న కౌలును రొక్కంలోకి, రొక్కాన్ని ధాన్యంలోకి, తమకు లాభకరమైన వైపునకు మార్చడం. నాలుగవది, ఆచారంగా కౌలుదారుకు చెందిన రెండవ పంటలోనో, గడ్డిలోనో, ప్రభుత్వ పెట్టుబడి రాయితీలోనో వాటా కోరడం. అయిదవది, అన్నిటికంటె తీవ్రమైనది: గడువు తీరకముందే పొలాన్ని తిరిగి తీసుకొని మరొకరికి ఇవ్వడం, అమ్మడం, లేదా చేపల చెరువుగా మార్చడం.

యజమానులందరూ ఇట్లు చేస్తారని చెప్పడం న్యాయం కాదు. పంట పోయిన ఏడాది కౌలు తగ్గించి తీసుకొన్న యజమానులను కూడ మనం క్షేత్ర పర్యటనలలో చూస్తుంటాము. సన్నకారు యజమాని, వృద్ధురాలైన వితంతువు, ఉద్యోగరీత్యా ఊరు విడిచిన చిన్న రైతు కూడ కౌలుకు ఇచ్చేవారిలో ఉన్నారు. అయితే మేలు చేసే యజమాని దయపైన ఆధారపడిన వ్యవస్థ, దయ లేని చోట రక్షణ ఇవ్వలేదు.

మధ్యలో మారిన మాటకు కౌలుదారు ఎందుకు ఒప్పుకొంటాడు?

దీనిని ఒక లెక్కతో చూద్దాము. ఇది సర్వే లెక్క కాదు, విషయం విశదం కావడానికి వేసుకొన్న ఉదాహరణ మాత్రమే. డెల్టాలో ఒక ఎకరం వరి పొలం. దిగుబడి 28 బస్తాలు అనుకొందాము. కుదిరిన కౌలు 12 బస్తాలు. కౌలుదారు సాగు ఖర్చు 14 బస్తాల ధాన్యం విలువకు సమానం. లెక్క ప్రకారం వరిలో అతనికి మిగిలేది 2 బస్తాలు. దానికి తోడు మినుము పంట అతనిది.

ఆగస్టు చివర, నాట్లు పూర్తయి మొదటి దఫా ఎరువు వేసిన తరువాత, 'పై చేనుకు పదిహేను బస్తాలు ఇస్తామంటున్నారు, నీవు కూడ అంతే ఇవ్వాలి, లేకుంటే వదలివేయి' అని యజమాని అన్నాడు. అప్పటికి నారుమడి, దమ్ము, నాట్లు, ఎరువుల కోసం కౌలుదారు 9 బస్తాల విలువ ఖర్చు చేసి ఉన్నాడు. వదలివేస్తే ఆ 9 బస్తాలు పూర్తిగా నష్టం. ఒప్పుకొంటే వచ్చే 28 బస్తాలలో 15 కౌలుకు, 14 ఖర్చుకు పోగా నష్టం 1 బస్తా. ఈ రెండింటిలో చిన్న నష్టాన్ని ఎంచుకోవడం తప్ప అతనికి మార్గం లేదు. జూన్‌లో పదిహేను బస్తాలు అడిగి ఉంటే అతడు ఆ పొలాన్ని తీసుకొనేవాడు కాదు. ఆగస్టులో అడిగినందున ఒప్పుకొన్నాడు.

దీనినిబట్టి ఒక సూత్రం తేలుతుంది. కౌలుదారు పెట్టుబడి నేలలో కలిసిన కొద్దీ అతని బేరశక్తి తగ్గుతుంది. అందువలన మార్పునకు ఒప్పుకోవడాన్ని 'ఇష్టపూర్వక అంగీకారం' అని భావించరాదు. షరతులకు రక్షణ అత్యధికంగా అవసరమయ్యే కాలం విత్తనం నుండి నూర్పిడి వరకు ఉన్న కాలమే.

చట్టం ఏమంటున్నది?

సాధారణ ఒప్పంద సూత్రం: 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్ ప్రకారం ఒక ఒప్పందాన్ని మార్చాలన్నా, దాని స్థానంలో కొత్తది చేసుకోవాలన్నా ఇరుపక్షాలు అంగీకరించాలి. ఏకపక్షంగా చేసిన మార్పు ఒప్పందం కాదు. పంటకాలానికి 12 బస్తాలని కుదిరిన తరువాత 15 బస్తాలు కోరే హక్కు యజమానికి ఉండదు. కౌలు కాలం ముగిసిన తరువాత కొత్త షరతులు ప్రతిపాదించే స్వేచ్ఛ అతనికి ఉన్నది. ఈ రెండింటి మధ్య తేడాను కౌలుదారుకు స్పష్టంగా చెప్పవలసి ఉంటుంది.

ఆంధ్ర ప్రాంతం: ఇక్కడ 1956 నాటి కౌలుదారీ చట్టం ప్రధానమైనది. ఇతరుల భూమిని స్వయంగా గాని, కుటుంబ సభ్యుల చేత గాని, తన పర్యవేక్షణలో కూలీల చేత గాని సాగు చేసేవారు 'సాగు కౌలుదారులు'. ఒప్పందం స్పష్టంగా చెప్పుకొన్నదైనా, ప్రవర్తనను బట్టి అర్థమయ్యేదైనా ఈ నిర్వచనంలోకి వస్తుంది. 1974 సవరణ తరువాత కొత్త కౌలుకు కనీస కాలం ఆరు సంవత్సరాలు. ఒప్పందం వ్రాతపూర్వకంగా ఉండి అందులో భూమి, విస్తీర్ణం, కౌలు పేర్కొనాలి. గరిష్ఠ కౌలు నీటిపారుదల గల భూమికి మొత్తం దిగుబడిలో 30 శాతం, ఇతర భూమికి 25 శాతం. కౌలు బకాయి, భూమికి నష్టం కలిగించడం, ఉపకౌలుకు ఇవ్వడం వంటి నిర్దిష్ట కారణాలు ఉంటే తప్ప కౌలును రద్దు చేయరాదు. వివాదాలను చట్టం నిర్దేశించిన ప్రత్యేకాధికారి విచారిస్తారు. భూమిని అమ్మదలచినపుడు కొనుగోలు చేసే మొదటి అవకాశం కౌలుదారుకు ఇవ్వాలన్నది కూడ ఈ చట్టంలోని ముఖ్య నియమం.

తెలంగాణ ప్రాంతం: ఇక్కడ 1950 నాటి కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం మూలమైనది. రక్షిత కౌలుదారులకు యాజమాన్య హక్కు కల్పించిన చట్టంగా ఇది ప్రసిద్ధి పొందింది. గడువు తీరకముందు కౌలును రద్దు చేయడానికి పరిమితమైన కారణాలను మాత్రమే ఇది అంగీకరిస్తుంది. తహశీల్దారు ఉత్తర్వు లేకుండ యజమాని తనంతట తాను భూమిని స్వాధీనం చేసుకోవడాన్ని నిషేధిస్తుంది. అయితే కొత్త కౌళ్ళపైన ఈ చట్టం విధించిన ఆంక్షల వలన వాడుకలో ఉన్న కౌళ్ళలో అధిక భాగం కాగితం మీదకు రాలేదు.

గుర్తింపు కార్డుల చట్టాలు: 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం లైసెన్సు పొందిన సాగుదారుల చట్టాన్ని తెచ్చి, ఏడాది కాలానికి రుణ అర్హత కార్డుల జారీకి వీలు కల్పించింది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాని స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టాన్ని తీసుకొనివచ్చింది. దీని ప్రకారం యజమాని, సాగుదారు పదకొండు నెలలకు మించని ఒప్పందం వ్రాసుకొంటే సాగుదారుకు హక్కు పత్రం లభిస్తుంది. ఆ పత్రం పంటపై హక్కును, పంట రుణం, బీమా, పెట్టుబడి రాయితీ వంటివి పొందే అర్హతను ఇస్తుంది. భూమిపైన ఏ హక్కునూ ఇవ్వదు. ఈ విషయం యజమానులకు వివరించడం ఎంత అవసరమో, కౌలుదారులకు వివరించడం కూడ అంతే అవసరం.

బలవంతంగా తొలగించినపుడు: న్యాయప్రక్రియ లేకుండ స్వాధీనం కోల్పోయిన వ్యక్తి, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ క్రింద ఆరు నెలల లోపల దావా వేసి స్వాధీనాన్ని తిరిగి పొందవచ్చును. ఈ దావాలో యాజమాన్యం ఎవరిదన్నది ప్రధానం కాదు. స్వాధీనంలో ఎవరు ఉన్నారు, వారిని ఎట్లు తొలగించారన్నదే ప్రధానం. ఆరు నెలల గడువును చాలామంది రాయబారాలతోనే గడిపివేసి ఈ అవకాశాన్ని కోల్పోతారు.

హక్కు ఉండి కూడ నిలువకపోవడానికి కారణం

పై ఉదాహరణకు తిరిగి వద్దాము. 28 బస్తాల దిగుబడిలో 30 శాతం అంటే 8.4 బస్తాలు. మొదట కుదిరిన 12 బస్తాల కౌలే దిగుబడిలో సుమారు 43 శాతం. అంటే షరతు మారకముందే అది 1956 చట్టం నిర్ణయించిన గరిష్ఠ పరిమితిని దాటి ఉన్నది. ఆరు సంవత్సరాల కనీస కాలానికి, ఆ పరిమితికి లోబడి వ్రాసి ఇవ్వడానికి యజమాని సిద్ధపడడు. వ్రాయమని పట్టుబడితే పొలం మరొకరికి పోతుందని కౌలుదారు భయపడతాడు. ఫలితంగా ఇద్దరూ నోటి మాటతో సరిపెట్టుకొంటారు.

ఈ విధంగా చట్టం ఇవ్వదలచిన పెద్ద రక్షణ ఆచరణలోకి రాలేదు. అదే సమయంలో 'చెప్పిన మాటకు కట్టుబడి ఉండాలి' అన్న చిన్న రక్షణ కూడ ఆధారం లేక జారిపోయింది. నోటి ఒప్పందం చెల్లదని కాదు. అది చెల్లుతుందని నిరూపించే భారం కౌలుదారు నెత్తిన పడుతున్నది. సాక్షులు ఆ ఊరివారే, యజమానికి బంధువులో, రేపు అతని పొలం కౌలుకు కోరేవారో అయి ఉంటారు.

పత్రం లేని కౌలుదారుకు ఇతర నష్టాలు కూడ ఉన్నాయి. బ్యాంకు రుణం అందక అధిక వడ్డీకి అప్పు తెస్తాడు. పంట నష్టపరిహారం పట్టాదారు ఖాతాలో పడుతుంది. తెలంగాణలో 2018లో ప్రారంభమైన రైతుబంధు సహాయం పట్టాదారులకే అందింది, కౌలుదారులకు వర్తించలేదు. దురదృష్టవశాత్తు కౌలుదారు మరణించిన సందర్భంలో, అతడు సాగు చేస్తున్నాడన్న రుజువు చూపలేక కుటుంబం సహాయానికి దూరమవుతుంది. మహిళా కౌలుదారుల విషయంలో ఇబ్బంది రెట్టింపు. పొలం పని ఆమె చేసినా ఒప్పందపు మాట భర్త పేరనో, కుమారుని పేరనో ఉంటుంది.

2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించిన సంగతి మనకు తెలిసినదే. ఆ పరిణామాలపై ప్రభుత్వం మోహన్ కందా అధ్యక్షతన సంఘాన్ని నియమించింది. అటువంటి సంక్షోభంలో భూమి బీడుపడితే యజమానికి ఒక ఏడాది కౌలు పోతుంది. కౌలుదారుకు పోయేది ఆ ఏడాది జీవనాధారమే.

షరతుల మార్పు, భూసారం

సస్యశాస్త్రవేత్తలుగా మనకు ప్రత్యేకంగా సంబంధించిన భాగం ఇది. మనం సిఫారసు చేసే పనులలో కొన్నింటి ఫలితం అదే పంటలో దక్కుతుంది. నత్రజని పైపాటు, కలుపు నివారణ, సస్యరక్షణ ఈ కోవలోనివి. మరికొన్నింటి ఫలితం తరువాతి పంటలకు కూడ వ్యాపిస్తుంది. పశువుల ఎరువు, చెరువు మట్టి, పచ్చిరొట్ట, చౌడు నేలలలో జిప్సం, పొలం చదును చేయడం, మురుగు కాలువల త్రవ్వకం రెండవ కోవకు చెందినవి. వరిలో జింకు లోపం ఉన్న నేలలకు ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటును మూడు పంటలకు ఒకసారి వేయమని మనం సిఫారసు చేస్తాము. మొదటి పంట తరువాత పొలం చేయి జారితే, ఆ ఖర్చులో మిగిలిన రెండు పంటల ఫలం మరొకరికి పోతుంది.

కనుక కౌలుదారు సేంద్రియ ఎరువులు వేయడం లేదని, నేలను పీల్చి పిప్పి చేస్తున్నాడని విమర్శించే ముందు, అతనికి ఆ పొలం వచ్చే ఏడాది ఉంటుందన్న హామీ ఉన్నదా అని మనం ప్రశ్నించుకోవాలి. హామీ లేని చోట మన సిఫారసును పాటించకపోవడం అతని అజ్ఞానం కాదు, సరియైన లెక్కే.

ఈ సమస్యకు వ్యవసాయ శాస్త్రం గతంలో ఒక సమాధానం ఇచ్చింది. ఇంగ్లండులో 1883 నాటి వ్యవసాయ కమతాల చట్టం, పొలం వదలివెళ్ళే కౌలుదారు నేలలో మిగిల్చిన ఎరువుల విలువకు పరిహారం పొందే హక్కును తప్పనిసరి చేసింది. ఆ విలువను ఎట్లు కట్టాలన్న ప్రశ్నకు జాన్ అగస్టస్ వోల్కర్, ఎ.డి. హాల్ అనే వ్యవసాయ రసాయన శాస్త్రవేత్తలు 1902లో పట్టికలు రూపొందించారు. పశువులకు మేపిన దాణా నుండి వచ్చే ఎరువులో మొదటి ఏడాది ఎంత ఖర్చవుతుంది, తరువాతి సంవత్సరాలకు ఎంత మిగులుతుంది అన్నది అందులోని సారాంశం. ఈ వోల్కరే అంతకు ముందు భారతదేశ వ్యవసాయాన్ని పరిశీలించి 1893లో నివేదిక సమర్పించినవారు. చట్టం హక్కును ప్రకటించగా, దానిని రూపాయల్లో, పైసల్లో లెక్కించే సాధనాన్ని శాస్త్రం అందించాలన్నది ఇందులోని పాఠం.

నీతి ఆయోగ్ నియమించిన టి. హక్ సంఘం 2016లో రూపొందించిన నమూనా వ్యవసాయ భూమి కౌలు చట్టంలో కూడ, కౌలు ముగిసే నాటికి కౌలుదారు పెట్టుబడిలో అనుభవించక మిగిలిన విలువను తిరిగి ఇవ్వాలన్న భావన ఉన్నది. మన నల్లరేగడి, ఎర్ర చల్కా, డెల్టా ఒండ్రు నేలలకు, మన పంటల సరళికి తగినట్లు పశువుల ఎరువు, జిప్సం, జింకు, పచ్చిరొట్టల అవశేష విలువల పట్టికలను తయారు చేయడం మన పరిశోధన కేంద్రాలు చేపట్టదగిన పని. దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాల ఫలితాలు ఇందుకు ఆధారం కాగలవు. స్నాతకోత్తర విద్యార్థులకు ఇది ఉపయోగకరమైన పరిశోధనాంశం.

ఒప్పంద పత్రంలో ఉండవలసిన అంశాలు

పత్రం పొడవుగా ఉండనవసరం లేదు. తగాదాలు పుట్టే చోట్లను ముందుగా మూసివేస్తే చాలును.

1. సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు, నీటి వనరు.

2. కౌలు కాలం. తేదీలతో పాటు ఏయే పంటలు ఇందులో చేరుతాయో, రెండవ పంట ఎవరిదో పేర్కొనాలి.

3. కౌలు పరిమాణం. ధాన్యమైతే బస్తా ఎన్ని కిలోలు, తేమ ఎంత, ఏ రకం, ఎవరి కల్లంలో కొలవాలి అన్నది వ్రాయాలి. 'బస్తా' అన్న ఒక్క మాట వ్రాసి వదలివేస్తే 75 కిలోలా, అంతకు మించా అన్న వివాదం మిగులుతుంది. ప్రభుత్వ కొనుగోలులో అనుమతించే 17 శాతం తేమను ప్రమాణంగా తీసుకొనవచ్చును.

4. చెల్లింపు తేదీ, పద్ధతి, రసీదు.

5. నీటి తీరువా, బోరు మరమ్మతు, కాలువ పూడికతీత ఖర్చు ఎవరిదన్నది.

6. గడ్డి, గట్ల మీది చెట్ల ఫలసాయం ఎవరికి చెందుతుందన్నది.

7. తుఫాను, వరద, కరవు వలన పంట దెబ్బతింటే కౌలు ఏ నిష్పత్తిలో తగ్గుతుందన్నది.

8. పంట బీమా, పెట్టుబడి రాయితీ ఎవరికి చేరాలన్నది.

9. కౌలుదారు వేసిన జిప్సం, పశువుల ఎరువు మొదలైన వాటి అవశేష విలువకు పరిహారం.

10. షరతులను మార్చాలంటే ఇరువురూ సంతకం చేసిన కాగితం ఉండాలని, విత్తిన తరువాత ఆ పంట నూర్పిడి అయ్యేవరకు కౌలు పెంచరాదని స్పష్టమైన నియమం.

పదవ అంశం అన్నిటిలోనూ ముఖ్యమైనది. మక్తా మొత్తంపైన యజమానితో బేరమాడలేని కౌలుదారు కూడ ఈ ఒక్క నియమాన్ని అడగవచ్చును. దీనివలన యజమానికి రూపాయి నష్టం లేదు. ఉగాది నుండి ఏరువాక వరకు ఉన్న రోజులు ఈ పని చేయడానికి అనువైనవి. అప్పటికి కౌలుదారు పెట్టుబడి నేలలో పడలేదు కనుక అతని మాటకు విలువ ఉంటుంది.

మాట మారిన నాడు చేయవలసినవి

పంట మధ్యలో యజమాని షరతు మార్చినపుడు కౌలుదారు మొదట పొలాన్ని వదలరాదు. పని ఆపితే తానే పొలం వదలివేశాడన్న వాదనకు చోటిచ్చినట్లవుతుంది. రెండవది, పాత కౌలును పాత గడువులోనే చెల్లించడానికి సిద్ధంగా ఉండాలి. కోపంతో అసలు కౌలునే నిలిపివేయడం సాధారణంగా జరిగే పొరపాటు. కౌలు బకాయి తొలగింపునకు చట్టబద్ధమైన కారణం కనుక, షరతు మార్చిన యజమాని చేతికి ఆ కారణాన్ని కౌలుదారే అందించినట్లవుతుంది. యజమాని తీసుకొనకపోతే బ్యాంకు ఖాతా ద్వారా పంపి, ఆ విషయాన్ని తపాలా రుజువుతో ఉత్తరం ద్వారా తెలియజేయాలి.

మూడవది, ఆధారాలను కూడబెట్టాలి. పంట నమోదులో సాగుదారుగా తన పేరు, ఎరువులు, విత్తనాల రసీదులు, ట్రాక్టరు, కూలి చెల్లింపుల వివరాలు, గత సంవత్సరాల కౌలు రసీదులు, ఫోను ద్వారా పంపిన చెల్లింపులు, పొలంలో తీసిన ఛాయాచిత్రాలు ఇందుకు పనికివస్తాయి. నాల్గవది, పెద్దమనుషుల సమక్షంలో రాజీ కుదిరితే దానిని కూడ వ్రాయించుకోవాలి. అయిదవది, రాజీ కుదరకపోతే చట్టం నిర్దేశించిన అధికారిని ఆలస్యం లేకుండ ఆశ్రయించాలి. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం క్రింద మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, నిర్ణీత ఆదాయ పరిమితికి లోబడినవారు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. మండల, జిల్లా స్థాయి న్యాయసేవల సంస్థల చిరునామా ప్రతి విస్తరణ కార్యాలయపు గోడపైన ఉండడం మంచిది.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

మనం న్యాయనిర్ణేతలము కాము. యజమాని, కౌలుదారు ఇద్దరూ మన రైతులే. తగాదాలో ఒక పక్షం వహించడం మన పని కాదు. కాని తగాదా రాకముందే చేయదగిన పనులు మన పరిధిలో ఉన్నాయి. తొలకరికి ముందు జరిపే రైతు సదస్సులలో యజమానులను, కౌలుదారులను కలిపి కూర్చోబెట్టి నమూనా ఒప్పంద పత్రాన్ని పంచవచ్చును. హక్కు పత్రం భూమిపైన హక్కు ఇవ్వదన్న సంగతిని యజమానులకు వివరించవచ్చును. పంట నమోదు సమయంలో పట్టాదారు పేరుకు బదులు వాస్తవంగా సాగు చేసేవారి పేరు నమోదు అయ్యేటట్లు గ్రామ సిబ్బందికి గుర్తు చేయవచ్చును. ప్రదర్శన క్షేత్రాలను ఎంపిక చేసేటపుడు కౌలు భూములను కూడ చేర్చి, ఆ రైతు పేరును రికార్డులో నమోదు చేయవచ్చును. మన క్షేత్ర సందర్శన పుస్తకంలోని ఒక్క నమోదు కూడ ఎప్పుడో ఒకనాడు కౌలుదారుకు ఆధారం కావచ్చును.

నాలుగు నుండి పదిమంది సభ్యులతో ఏర్పడే ఉమ్మడి బాధ్యత బృందాలకు నాబార్డు ప్రోత్సాహంతో బ్యాంకులు హామీ లేని రుణాలు ఇస్తున్నవి. కౌలుదారులను బృందాలుగా కూర్చడం వలన రుణంతో పాటు ఒప్పందం వ్రాసుకోవలసిన అవసరం, అడిగే ధైర్యం కూడ కలుగుతాయి. ఒక్కడుగా అడిగినపుడు 'నమ్మకం లేదా?' అన్న ప్రశ్న ఎదురవుతుంది. పదిమంది ఒకే పత్రాన్ని వాడినపుడు అది ఊరి ఆనవాయితీగా మారుతుంది.

సిఫారసులు ఇచ్చేటపుడు కూడ పట్టా ఉన్న రైతుకు, ఏడాది కౌలుదారుకు తేడా గమనించాలి. ఏడాది కౌలుదారుకు మొదట ఆ పంటలోనే ఫలితమిచ్చే పనులను సూచించి, దీర్ఘకాలిక ఫలితమిచ్చే పనులకు యజమాని వాటా ఎంతో తేల్చుకొన్న తరువాతే పెట్టుబడి పెట్టమని చెప్పడం న్యాయమైన సలహా.

ముగింపు

గరిష్ఠ కౌలు, కనీస కాలం వంటి పెద్ద సంస్కరణలు శాసనసభలు, న్యాయస్థానాలు తేల్చవలసినవి. వాటి కోసం వేచి ఉండనవసరం లేని ఒక చిన్న లక్ష్యం మన ముందున్నది: విత్తనం పడిన తరువాత నూర్పిడి వరకు కౌలు మాట మారకుండ చూడడం. ఇందుకు కావలసినది ఒక పేజీ కాగితం, రెండు సంతకాలు, తొలకరికి ముందు ఒక సమావేశం. విత్తన శుద్ధిని, భూసార పరీక్షను రైతుకు అలవాటు చేసిన విస్తరణ వ్యవస్థకు ఈ కాగితాన్ని అలవాటు చేయడం అసాధ్యం కాదు. కౌలు భూమి నేల బాగుపడాలంటే, ఆ నేలను దున్నేవానికి రేపటి మీద నమ్మకం కలగాలి. ఆ నమ్మకాన్ని కూడ మన సాగు పద్ధతుల పట్టికలో ఒక అంశంగా చేర్చుకోవలసిన సమయం వచ్చింది.